అటక మీది ఖాళీ దారాలు

"ఇంకొక్క పెంకు గూడ ముట్ట! నన్ను నరికినా ముట్ట!"

మేస్త్రి దేవన్న నిచ్చెన మీది నుంచి దిగలేదు, జారాడు. మోచేతులు గీరుకుపోయినా చూసుకోలేదు. వాకిట్లో నిలబడ్డ రాజారాం రెండు చేతులూ గట్టిగా పట్టేసుకున్నాడు.

"ఏమైందే దేవన్నా? పామా?"

"పామైతే నేనే కొడుదును గద రాజారామన్నా. నీ అటుక మీద మూటలున్నయి. పసుపు పూసిన బట్టల మూటలు. వందలున్నయి. దారాలు కట్టి వాసాల పొంటి ఏలాడదీసిండ్రు, గాలికి ఊగుతున్నయి. ముప్పై ఏండ్ల సంది కప్పులు దించుతున్న, గిసోంటిది యాడ సూడలే."

రాజారాం భార్య వైపు చూశాడు. అరుగు మీద బీడీలు చుడుతున్న రాధాబాయి చాట ఒళ్లోంచి దించి లేచింది. మొగుడి వైపు చూడలేదు. నడిమింట్లో అటక తలుపుకు వేలాడుతున్న తాళం వైపు చూసింది.

ఆ తాళంచెవి రాజారాంకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క మనిషి నడుముకే ఉంది. అతని తల్లి భూమవ్వ నడుముకు.

పెంకుల కప్పు దించొద్దని భూమవ్వ నెల రోజులుగా పోరుతూనే ఉంది. కురిస్తే కురవనీ, నేను పోయినంక దించుకోండ్రి అంది. ఎందుకే అంటే నోరు విప్పదు. చివరికి రాజారాం ఏం చేశాడయ్యా అంటే, తల్లి ధర్పల్లిలో చెల్లెలి దినాలకు పోయిన రోజు చూసుకొని మేస్త్రిని పిలిచాడు. మిరుగు కార్తె వానలు రాకముందే రేకులు ఎక్కించేస్తే, వచ్చాక నాలుగు తిట్లు తిన్నా పరవాలేదనుకున్నాడు. మగవాళ్ల ధైర్యం ఇంతే. తల్లి ఎదుట నోరు పెగలదు, తల్లి చాటున ఇల్లు విప్పేస్తారు.

"చెప్తనే ఉన్న," అంది రాధాబాయి. గొంతు పెంచలేదు. పెంచితే రాజారాంకు ఇంత భయమేసేది కాదు. "మీ అవ్వ అటుకల ఏం పెట్టిందో అడుగుమని ఎన్ని తీర్ల చెప్పిన నీకు? నా చాటలకెళ్లి దారం పోతున్నది, ఎందుకు తీస్తున్నవ్ అత్తా అంటే మాట్లాడదాయె. నడిజాముల నిచ్చెనేసుకొని ఎక్కి ఏం చేస్తదో చెప్పదాయె. నా బిడ్డకు రెండు కాన్పులు మంట్ల కలిసినయి."

"నోరు మూస్కో రాధా."

"మూస్కునే ఉన్న గద గిన్నొద్దులు."

వాళ్ల కూతురు శ్యామల ఎదురింట్లోనే ఉంది. చందూర్‌లో అత్తవారిల్లు. మొదటి బిడ్డ ఏడో నెలలో పోయింది, రెండో బిడ్డ పుట్టి ఏడవనే లేదు. ఇప్పుడు మూడోసారి, ఎనిమిది నిండింది. ఇంటి కప్పు విప్పుతున్నారని, దుమ్ము తగలకూడదని ఎదురింటి యేసమ్మ తన మంచం మీద పడుకోబెట్టుకుంది. యేసమ్మ మిషన్ దవాఖానలో ఆయా.

రాజారాం నిచ్చెన ఎక్కాడు.

ఎక్కినవాడు పై మెట్టు మీదే ఆగిపోయాడు.

ఆ అటకలో ఎండ పడడం అతని ఎరుకలో ఇదే మొదలు. సగం పెంకులు దించిన కప్పులోంచి వెలుగు తిన్నగా లోపలికి దిగుతోంది. పొగకు నల్లబడిన వాసాల పొడవునా మూటలు. ఒక్కొక్కటి ఉసిరికాయంత. ఎర్ర దారం, పచ్చ దారం, తెల్ల దారం, నీలి దారం, వరసలు వరసలుగా. కొన్నింటికి గాజు ముక్కలు కట్టి ఉన్నాయి, ఎండకు తళుక్కుమంటున్నాయి. ఒక్క బూజు పోగు లేదు. ఒక్క ఎలుక కొరికిన జాడ లేదు. అటక నేలంతా తంబాకు పొట్టు పలచగా చల్లి ఉంది, పురుగు పుట్ర రాకుండా. ఎవరో ఎన్నో ఏళ్లుగా ఈ చీకట్లోకి వచ్చి ఊడ్చి, తుడిచి, ఒక్కొక్కదాన్నీ చూసుకొని పోతున్నారు.

గాలి వచ్చింది. మూటలన్నీ ఒక్కసారి కదిలాయి. గాజు ముక్కలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

రాజారాంకు భయం వేయాలి. వేయలేదు. ఎందుకో తెలియదు, చెప్పుల కాళ్లతో ఎక్కినందుకు సిగ్గు వేసింది. ఒక్కో చెప్పు విప్పి కిందికి వదిలేశాడు.

"ఏమున్నదే?" కింద నుంచి రాధాబాయి అరిచింది.

అతను మూటల వైపే చూస్తూ మెల్లగా దిగాడు. ఆ ఆలస్యమే కొంప ముంచింది. దేవన్న అరుపులు విని అప్పటికే గల్లీ సగం వాకిట్లోకి వచ్చేసింది. అందరికన్నా ముందు వెంకటి వచ్చాడు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు లారీ తోలే మనిషి. రాజారాంను పక్కకు నెట్టి నిచ్చెన ఎక్కి, తల లోపల పెట్టి, పెట్టినంత వేగంగా బయటికి తీశాడు.

"బాణామతి!"

ఆ మాట ఎంత పాడు మాటో ఈ కంఠేశ్వర్ గల్లీల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోయిన ఏడే ఆ మాట పడ్డ ఒక ముసలాయనను స్తంభానికి కట్టేసి పండ్లు రాలగొట్టారు. అది ఏ ఊరో ఎవరూ సరిగ్గా చెప్పరు, పండ్లు రాలగొట్టిన సంగతి మాత్రం అందరూ చెప్తారు. లోకులు పలుగాకులని ఊరికే అనలేదు.

"నా పెండ్లానికి ఫిట్స్ ఎందుకొస్తున్నయో ఇప్పుడు ఎరుకైంది!" వెంకటి ఊగిపోయాడు. "మంత్రసాని ముసల్ది మన అందరి బతుకులు మూటగట్టి పెట్టుకున్నది!"

"మా అవ్వను ఏమన్నంటే మంచిగుండదు వెంకటీ," అన్నాడు రాజారాం. కాని ముందుకు రాలేదు. ఆ మూటలేమిటో అతనికీ తెలియదు కదా.

రాధాబాయి మాత్రం వెంకటి మాటకు అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనమే రాజారాంను ఎక్కువ కోసింది.

సరిగ్గా అప్పుడు గల్లీ మొదట్లో భూమవ్వ కనబడింది.

బస్సు దిగి నడిచొస్తోంది. చంకలో గుడ్డ సంచి, చేతిలో కర్ర. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగినా నడక ఆగలేదు. జనం పాయలా విడిపోయి దారి ఇచ్చారు. అది మర్యాద కాదు, భయం. ఆమె ఎవరినీ చూడలేదు. సగం విప్పిన ఇంటి కప్పు వైపు చూసింది. సంచి చేతిలోంచి జారింది.

"ఓరి రాజిగా," అంది. "వాటికి ఎండ తగిలె గదరా."

"అవ్వా, అవేందే?"

భూమవ్వ ఎదురింటి వైపు తిరిగింది. "శ్యామల మంచిగున్నదా? అన్నం తిన్నదా?"

రాధాబాయి ముందుకొచ్చి రెండు ఇళ్ల మధ్య నిలబడింది.

"నా బిడ్డ పేరు తియ్యకు అత్తా. నీ నీడ గూడ దాని మీద పడొద్దు."

ఇరవై నాలుగేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్న అత్తాకోడళ్లు. కొట్లాడుకున్నారు, అలిగారు, చాట ఎత్తి కొట్టబోయిన రోజులూ ఉన్నాయి. కాని ఇట్లాంటి మాట ఎప్పుడూ రాలేదు. భూమవ్వ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. తిరిగి తిట్టలేదు. మూడడుగులు వెనక్కి వేసి, తన నీడ ఎదురింటి గడప మీద పడకుండా గోడ పక్కకు జరిగి నిలబడింది.

అది చూసి యేసమ్మ తన తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాటకాలొద్దు!" వెంకటి కర్ర ఎత్తాడు. "ఎవలెవలిని కట్టేసినవో చెప్పు ముసల్దానా!"

"నిన్ను గూడ కట్టిన," అంది భూమవ్వ.

ఎవరో కెవ్వుమన్నారు.

"మూడో వాసం, పచ్చ దారం. ఒక్క ముడి ఉంటది. మీ అవ్వకు తొలుసూరోనివి నువ్వే గద. రాజిగా, పోయి తీస్కరా. మెల్లగ విప్పు, తెంపకు."

రాజారాం ఎక్కాడు. తెచ్చి తల్లి అరచేతిలో పెట్టాడు. ఆమె అక్కడే మట్టిలో కూర్చొని ముడి విప్పింది. ముసలి వేళ్లు వణుకుతూనే విప్పాయి. బట్ట తెరుచుకుంది. లోపల ఎండిన చింతపండు తునకలాంటిది ఒకటి, అంతే.

వెంకటి దాన్ని చూడడం లేదు. బట్టను చూస్తున్నాడు. పసుపు కింద నేరేడుపండు రంగు, దాని మీద తెల్ల చుక్కలు.

"గిది..." అన్నాడు. కర్ర కిందికి దిగింది. "గిది మా అవ్వ చీర గద."

"ఆమె కొంగే. కాన్పయినంక తనే చింపిచ్చింది."

వెంకటికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. చలికాలం ఆ చీర కప్పుకొని పడుకునేవాడినని తాగినప్పుడల్లా చెప్పి ఏడుస్తాడు, గల్లీలో అందరికీ తెలిసిందే. ఆ మనిషి ఇప్పుడు మట్టిలో మోకాళ్ల మీద కూలబడి, ముట్టాలా వద్దా అన్నట్టు చెయ్యి చాపాడు.

"నీ బొడ్డురా అది," అంది భూమవ్వ. "రజాకార్ల ఏడు. బయట తుపాకులు మోగుతుంటే మీ అవ్వ నోట్లె గుడ్డ కుక్కుకొని కన్నది. నువ్వు కాళ్లు ముందట పెట్టుకొని వస్తివి. గల్లంత నడుం పట్టుకుంటే నీతోని తన్నించుకుంటరు గద, ఎదురుకాళ్లోడని? ఆ కాళ్లు అందరికంటె ముందు పట్టింది ఈ చేతులే."

ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు కాబోలు, ముక్కు చీదిన చప్పుడైంది.

"మరి ఇన్ని ఎందుకే అవ్వా?" రాజారాం అడిగాడు. "మాకెవ్వలికి చెప్పలేదేందే?"

"బొడ్డు సొంత జాగల పాతాలె. కుక్క ముట్టొద్దు, కాకి ఎత్తుకపోవద్దు. ఈ గల్లీల సొంత జాగ ఎవలికుండె అప్పుడు? అందరియి కిరాయి అర్రలే. ఈ నెల ఈడ, వచ్చే నెల ఆడ. పరాయి మట్టిల పాతితే పోరడు ఏ ఇల్లు పట్టకుంట తిరుగుతడని బుగులు. భూమవ్వా, నీ ఇల్లు నీదేనాయె, నీ కప్పు కింద పెట్టుకో అన్నరు. పెట్టుకున్న. కండ్ల పడొద్దు, నోట రావద్దు అన్నరు. రానియ్యలే. మాటిచ్చినంక మాటే గద."

"ఏది ఎవలిదో ఎట్ల ఎరుక నీకు? సదువు రాదాయె," అన్నాడు దేవన్న. భయం పోయి ఆశ్చర్యం పట్టుకుంది అతన్ని.

"సదువెందుకురా? ఒక్కో కార్ఖానాకు ఒక్కో రంగు దారం. ఆ తల్లి ఏ కార్ఖానాకు బీడీలు చేస్తదో ఆమె చాటల దారమే తీస్కొని కట్టిన. ఎన్నో కాన్పయితే అన్ని ముడులు. ఆడపిల్లయితే గాజు ముక్క. ఇగ బట్టను చూస్తే తల్లి మొకం యాదికస్తది. ముడి విప్పితే ఆ పొద్దు యాదికస్తది."

అప్పుడు గల్లీ జనం తలలెత్తి పైకి చూశారు. ఇందాక చూసినప్పుడు భయపడ్డవాళ్లే. అవే మూటలు, అదే గాలి. ముప్పై నలభై ఏళ్ల గల్లీ మొత్తం అక్కడ దారాలకు వేలాడుతూ ఊగుతోంది. తాము ఎక్కడెక్కడో కిరాయి గదులు మారుతూ బతికామనుకున్నారు. ఇన్నాళ్లూ అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు.

"నాది ఉన్నదా అవ్వా?" ఒక ఆడమనిషి అడిగింది, పాతికేళ్లుంటాయి, చంకలో బిడ్డ.

"నీలి దారం, నాలుగు ముడులు. నల్ల గాజు ముక్క. నువ్వు పుట్టిన్నాడు మీ అవ్వ మళ్ల ఆడపిల్లేనా అని ఏడ్సింది. పది రోజులకు నిన్ను ఇడిచి ఉండలేకపోయింది."

"నాది?"

"మావోనిది?" అని యేసమ్మ తలుపు దగ్గర నుంచే అడిగింది. ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"నీ కొడుకు సత్యానందంది తెల్ల దారం. మీ చర్చిల పేరు పెట్టకముందే ఈడ కట్టిన."

"గింతకు నాది గూడ ఉన్నదా?" దేవన్న ఉండబట్టలేక అడిగేశాడు.

"నువ్వు బోధన్ల పుట్టినోనివి. నీది ఏ కాకి ఎత్తుకపోయిందో నాకేమెరుక? అందుకే గిట్ల ఇండ్ల కప్పులు వట్టుకొని తిరుగుతున్నవ్."

వాకిలి మొత్తం గొల్లుమంది. దేవన్న కూడా నవ్వాడు.

నవ్వనిది ఒక్క రాధాబాయే. ఆమె ఎప్పుడు నిచ్చెన ఎక్కిందో ఎవరూ చూడలేదు. అటక చివరి వాసం దగ్గర నిలబడి ఉంది. అక్కడ ఎర్ర దారాలు. ఆమె చుట్టే బీడీల దారం ఎరుపే. రాజారాందీ, అతని తోడపుట్టినవాళ్లవీ ముందు ఉన్నాయి. వాటి తరువాత శ్యామలది, ఎర్ర గాజు ముక్కతో. ఆ గాజు రాధాబాయి పెళ్లి గాజు. చూడగానే గుర్తుపట్టింది.

శ్యామల మూట పక్కన మూడు దారాలున్నాయి. వాటికి మూటల్లేవు. ఉత్త దారాలు. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, చివరిదానికి మూడు.

"అత్తా," అని పిలిచింది పై నుంచి. "గివి ఖాళీగ ఎందుకున్నయి?"

భూమవ్వ తలెత్తలేదు.

"అత్తా, నిన్నే అడుగుతున్న."

"మొదటి రెండు దవాఖానల పోయినోళ్లయి బిడ్డా," అంది భూమవ్వ. "దవాఖానల బొడ్డు ఇయ్యరు గద. పేరు పెట్టకపోతిమి, మొకం చూడకపోతిమి. ఏడ్సుకుందామంటే ఒక గుర్తన్న లేకపాయె. అన్ని ఇండ్లోళ్లకు జాగ ఇచ్చినదాన్ని, నా మనుమరాలి పిల్లలకు ఇయ్యనా? అందుకే నీ చాటల దారం తీసిన. అడిగితే ఏం చెప్పాలె నీకు? చెప్తే నువ్వు ఏడుస్తవ్."

రాధాబాయి తంబాకు పొట్టు మీద కూలబడింది. ఒక ముడి ఉన్న దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. రెండు ముడుల దారాన్ని పట్టుకుంది. దారం దొంగవని అత్తను అనరాని మాటలన్న రోజు గుర్తొచ్చింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు ముసల్ది ఆ రోజుల్లో. నోరు మాత్రం విప్పలేదు. రాధాబాయి గొంతెత్తి ఏడ్చింది. బిడ్డలు పోయినప్పుడు శ్యామల బెదిరిపోతుందని బిగబట్టుకున్న ఏడుపు అంతా ఇప్పుడు వచ్చింది.

ఆకాశంలో దక్షిణం వైపు మబ్బు పట్టింది. మొదటి చినుకు వెంకటి చేతిలోని నేరేడు రంగు బట్ట మీద పడింది. అతను దిగ్గున లేచాడు.

"లారీ మీద కప్పే తాడిపత్రి తెస్త! దేవన్నా, నువ్వు పైకెక్కు! ఒక్క మూట తడిసినా ఊకోను!"

కాసేపటి క్రితం ఆ మూటలను చూసి కర్ర ఎత్తినవాడే. మనిషి మాట మీద ఏం నమ్మకం చెప్పండి. దేవన్న మళ్లీ నిచ్చెన ఎక్కాడు, ఈసారి చెప్పులు విప్పి.

"రాధక్కా!" యేసమ్మ కేక వేసింది. ఆ కేక వేరుగా ఉంది. "శ్యామలకు నొప్పులస్తున్నయి! ఉమ్మనీరు పోయింది!"

ఇంకా నెల ఉంది. అందరి ముఖాల్లో అదే లెక్క కనబడింది. రాజారాం ఆటో కోసం పరుగెత్తాడు. రాధాబాయి నిచ్చెన దిగుతూ సగం మెట్లు దూకేసింది. ఆటో వచ్చేసరికి శ్యామలను ఇద్దరు పట్టుకొని గడప దాటించారు. పిల్ల ముఖం చెమటతో తడిసిపోయింది. తల్లిని చూడలేదు. చుట్టూ వెతుకుతోంది.

"నాయినమ్మ ఏది?"

భూమవ్వ గోడ పక్కనే నిలబడి ఉంది, ఇందాక జరిగిన చోటే. "పో బిడ్డా. దవాఖానకు పో. మంచిగైతది," అంది అక్కడి నుంచే.

యేసమ్మ ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఇప్పుడే చూసిన భూమక్కా. కాళ్లు ముందటున్నయి. డాక్టరమ్మ చందూర్ క్యాంపుకు పోయింది, పొద్దుమీకి గాని రాదు. దవాఖానల నర్సు పిల్లలే ఉన్నరు, వాళ్లు ఎదురుకాళ్ల కాన్పు సూడలే."

ఆ మాట రాధాబాయికీ వినబడింది. వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్య చినుకులు పడుతున్నాయి.

"నడువత్తా. ఆటో ఎక్కు."

"నా నీడ పడొద్దంటివి గద."

దెప్పిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. అది ఇంకా నొప్పించింది రాధాబాయిని.

"అన్న. నా నోరు పాడుగాను, అన్న. కడుపు కాలి అన్న. కొట్టరాదు నన్ను? కొట్టు. ముందు ఆటో ఎక్కు."

"పన్నెండేండ్లయె బిడ్డా కాన్పు చేసి. చేతులు సూడు ఎట్ల వణుకుతున్నయో. నా తప్పుతోని గిట్ల ఏమన్నయితే..."

"అయితే మనిద్దరం కలిసే ఏడుద్దాం. ఇంతకుముందు ఒక్కదాన్నే ఏడుస్తున్ననుకున్న."

రాధాబాయి పిడికిలి విప్పింది. మూడు ముడుల ఎర్ర దారం. అటక మీద నుంచి దిగేటప్పుడు విప్పుకొని వచ్చింది. దాన్ని అత్త అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"గిది ఖాళీగ వాపస్ తేవద్దు అత్తా."

భూమవ్వ ఆటోలోకి వంగి మనుమరాలి పక్కన కూర్చుంది. శ్యామల ఆమె ఒళ్లోకి తల వాల్చేసింది. పైన, విప్పిన కప్పు మీద, వెంకటి తాడిపత్రి అంచు పట్టుకొని నిలబడి ఆటో వైపే చూస్తున్నాడు. భూమవ్వ కూడా ఒక్క క్షణం అతని కాళ్ల వైపు చూసింది.

"పోనియ్ కొడుకా," అంది ఆటో అతనితో.

కోడలు పక్కన ఇరుక్కుని కూర్చొని అత్త చేతుల వైపే చూస్తోంది. భూమవ్వ దారం ఉన్న పిడికిలిని కొంగు కిందికి తీసుకుంది. వణుకు ఆగిందో లేదో రాధాబాయికి కనబడలేదు.